నాన్న చేతికి తనను తానే దిద్దుకొనే గడియారం

మా నాన్న తెల్లవారుజామున మూడున్నరకు లేవాలి. పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర మాకు రెండు రొయ్యల చెరువులున్నాయి. రాత్రంతా నాచు, రొయ్యలు, అడుగు బురద కలిసి నీటిలోని ఆక్సిజన్‌ను వాడేస్తాయి. తిరిగి పుట్టించడానికి ఎండ ఉండదు కాబట్టి తెల్లవారే ముందు అది బాగా పడిపోతుంది. ఆ వేళకు నీటికి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో తన కళ్లతో చూస్తేగాని ఆయన మనసు కుదుటపడదు. అయితే పోయిన ఏడాదంతా రెండున్నరకే లేచి కూర్చున్నారు. శుక్లాల ఆపరేషన్ తర్వాత వాచీ సరిచేయబోయి, ఏ బటన్ నొక్కారో, గంటనే మార్చేశారు. అప్పటి నుంచి దాన్ని నమ్మడం మానేశారు.

వాచీ సరిచేయడం ఆయనకు చిన్ననాటి అలవాటు. రేడియోలో వార్తలకు ముందు టిక్ టిక్‌మని వచ్చే శబ్దాలు విని ముల్లు కలిపేవారు. డిజిటల్ వాచీలు తక్కువ ధరలోనూ మంచివే. కాసియో ఎఫ్-91డబ్ల్యూ లాంటిది కూడా నెలకు 30 సెకన్ల కంటే తేడా రాదని తయారీదారు మాట. కానీ ఆ తేడా ఒకే వైపు పోగుపడితే ఆరు నెలలకు మూడు నిమిషాలవుతుంది. దాన్ని దిద్దాలంటే బియ్యపు గింజంత బటన్లు. అందుకే సంక్రాంతికి ఆయనకు తనంతట తానే సమయం దిద్దుకొనే వాచీ ఇవ్వాలనుకున్నాను.

మొదట ఒక దుకాణంలో రేడియో వాచీ, అంటే రేడియో సంకేతం అందుకొని సమయం దిద్దుకొనేది, చూపించారు. ‘జన్మలో సెట్ చేయనక్కర లేదమ్మా’ అన్నారు. తెచ్చి నాలుగు రాత్రులు కిటికీలో పెట్టాను. ప్రతి ఉదయం సంకేతం అందలేదనే చూపించింది. తప్పు వాచీది కాదు. ఈ రకం వాచీలు సమయం తీసుకొనే దీర్ఘ తరంగ స్టేషన్లు జపాన్‌లో రెండు, చైనా, అమెరికా, బ్రిటన్, జర్మనీలలో ఒక్కొక్కటి ఉన్నాయి. మనకు అన్నింటికంటే దగ్గరది చైనాలోని షాంగ్‌చియు. దాని సంకేతం సుమారు 1,500 కిలోమీటర్ల వరకు అందుతుందంటారు. మా ఊరి నుంచి అది దాదాపు 3,900 కిలోమీటర్లు! భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82°30′ తూర్పు రేఖ మన కాకినాడ చేరువగానే పోతుంది. ఆ సమయాన్ని వాచీకి చేర్చే అలాంటి స్టేషన్ మాత్రం మన దేశంలో లేదు. దుకాణంవారు ఈ మాట ముందే చెప్పి ఉండాల్సింది. తిరిగి తీసుకోవడానికి వారం తిప్పారు.

ఉపగ్రహాల నుంచి సమయం తీసుకొనే వాచీలు నా అందుబాటులో లేవు. రెండు వేలకు దొరికే స్మార్ట్ వాచీలు ఫోను చూసి సమయం దిద్దుకుంటాయి, నిజమే. కానీ వారానికోసారైనా ఛార్జింగ్ పెట్టాలి. చెరువు పని మధ్య నాన్నకు అది గుర్తుండదు, మూడున్నరకు చూస్తే తెర నల్లగా ఉంటుంది.

చివరికి కాసియో జీ-షాక్‌లో జీబీడీ-800 తీసుకున్నాను. ఎనిమిది వేల లోపు అనుకున్న ఖర్చులో సరిపోయింది. బ్లూటూత్‌తో ఫోనుకు కలిపితే రోజుకు నాలుగుసార్లు తనే సమయం సరిచూసుకుంటుంది. ఆ వేళల్లో ఫోను పక్కన ఉంటే చాలు. పగలు నాన్న ఫోను షెడ్డులో ఉంటుంది, ఆయన దోనెలో మేత చల్లుతూ ఉంటారు. రాత్రి ఫోను దిండు పక్కకు వస్తుంది. అర్ధరాత్రి దాటాక ఒక్కసారి కలిసినా మాకు సరిపోతుంది. బిళ్ల బ్యాటరీ కాబట్టి ఛార్జింగ్ బాధ లేదు. 200 మీటర్ల నీటి రక్షణ ఉంది, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగుతూ మోచేతి దాకా చెరువులో ముంచినా భయం లేదు. అయిదు అలారాలు పెట్టుకోవచ్చు. ఒకటి మూడున్నరకు, తక్కినవి మేత వేళలకు పెట్టాను.

పెద్దవాళ్లకు కొనేవారికి రెండు మాటలు చెప్పాలి. నల్లని తెర మీద తెల్ల అంకెలుండే రకాలు అద్దాల బీరువాలో అందంగా కనిపిస్తాయి, చెరువు మీద ఎండ తళతళలో అంకె దొరకదు. లేత రంగు తెర మీద నల్ల అంకెలున్నదే అడగండి. ఇంకొకటి, వాచీని ఫోనుకు కలిపే యాప్‌ను మీరే ఫోనులో ఎక్కించి, కలిపి, రెండు రోజులు చూసి ఇవ్వండి. నాన్న ఫోనులో బ్యాటరీ పొదుపు సెట్టింగ్ ఆ యాప్‌ను ఆపేస్తూ వచ్చింది. దానికి మినహాయింపు ఇచ్చాకే వాచీ క్రమం తప్పకుండా కలిసింది. కీప్యాడ్ ఫోను వాడేవారికి ఇది కొనవద్దు, మామూలు వాచీ కొని నెలకోసారి మీరే సరిచేయడం మేలు.

భోగి నాడు చేతికి కట్టాను. చాలాసేపు చూసి, ‘ఇది ఎవరిని అడిగి దిద్దుకుంటుందమ్మా?’ అన్నారు. ‘నీ ఫోనునే, నాన్నా’ అన్నాను. ఆ రాత్రి ఫోను దిండు పక్కన కాదు, దిండు కిందే పెట్టుకున్నారు.

మొన్న తెల్లవారుజామున ఫోను చేశారు. గుండె దడదడలాడుతూ తీశాను. ఒక ఏరేటర్ ఆగిపోయిందట, జనరేటర్ వేసి నడిపించారట. పుస్తకంలో ఎన్ని గంటలకు ఆగిందో, ఎన్ని గంటలకు తిరిగిందో నిమిషాలతో సహా రాసుకున్నానని చెప్పారు.