షేప్‌ఫైల్‌ని ఆటోక్యాడ్‌లోకి తేవాలంటే ఏది మేలు?

లేఅవుట్ పనులు చేసే మిత్రులు, సివిల్ పూర్తిచేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీరు నిలిచే మట్టం) హద్దో, గ్రామ సర్వే నంబర్ల పటమో షేప్‌ఫైల్‌గా, అంటే గీతలూ వాటి వివరాల పట్టికా కలిసిన జీఐఎస్ ఫైల్‌గా చేతికొచ్చింది. దాన్ని ఆటోక్యాడ్ మ్యాప్ 3డీలో మ్యాప్‌ఇంపోర్ట్ కమాండ్‌తో నేరుగా తెచ్చుకోవాలా, క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఆటోక్యాడ్ చదవగలిగే డీఎక్స్‌ఎఫ్‌గా మార్చుకోవాలా?

"మ్యాప్ 3డీ ఉంటే అది, లేకపోతే ఇది" అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. గీతలు రావడమే కావాలంటే రెండు దారుల్లోనూ వస్తాయి. అవి సరైన చోట పడ్డాయో లేదో ఏ దారిలో తొందరగా తెలుస్తుందన్నదే నాకు ముఖ్యం. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్ల లోపు చెరువుకు బఫర్ (హద్దు చుట్టూ కట్టకుండా వదలాల్సిన స్థలం) 9 మీటర్లు, ఆపైన 30 మీటర్లు. అలాంటప్పుడు హద్దు గీత రెండు మీటర్లు అటో ఇటో జరిగినా ఒక వరుస ప్లాట్ల లెక్క మారిపోతుంది. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఈ టెన్షన్ గురించి ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

పైగా మన హైదరాబాద్‌కి ఒక చిక్కుంది. యూటీఎం అంటే భూమిని జోన్లుగా విడగొట్టి చోటును మీటర్లలో చెప్పే కోఆర్డినేట్ సిస్టమ్. అందులో 43, 44 జోన్ల మధ్య గీత 78 డిగ్రీల రేఖాంశం మీద వెళ్తుంది. హైదరాబాద్ 44లో ఉంది. సంగారెడ్డి కూడా అందులోనే. కాస్త ముందుకెళ్తే సదాశివపేట, ఇటు వికారాబాద్ 43లో పడతాయి. 43లో తయారైన సదాశివపేట ఫైల్‌ని 44 అనుకుని తెరిస్తే ఆ భూములు విశాఖ దాటి బంగాళాఖాతంలో తేలతాయి. క్యాడ్‌లో వెనక పటం లేకుండా చూస్తే అది కనిపించదు, అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఒక చిన్న గుర్తు పెట్టుకోండి: ఈ చుట్టుపక్కల ఈస్టింగ్ (తూర్పు దిశగా మీటర్లలో ఉండే అంకె) 2 లక్షలకు అటూఇటూగా ఉంటే అది 44, 8 లక్షల పైన ఉంటే 43.

ఇంత పెద్ద తప్పు ఎవరో ఒకరి కంట పడుతుంది. అసలు ప్రమాదం పాత టోపోషీట్ల మీద గీసిన ఫైళ్లతో. అవి ఎవరెస్ట్ డేటంలో, అంటే కోఆర్డినేట్లు లెక్కించే పాత ఆధారంలో ఉంటాయి. ఇప్పటి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అనుకుని తెరిస్తే వంద మీటర్లకు పైగా జరుగుతాయి. చెరువు చెరువులాగే, రోడ్డు రోడ్డులాగే కనిపిస్తుంది కాబట్టి అనుమానం రాదు.

మ్యాప్‌ఇంపోర్ట్ విషయానికొస్తే, దాని బలం సమాచారంలో ఉంది. షేప్‌ఫైల్‌లోని సర్వే నంబరు, విస్తీర్ణం లాంటి పట్టిక మొత్తం, డైలాగ్‌లోని డేటా గడిలో ఎంచుకుంటే, ఆబ్జెక్ట్ డేటాగా గీతకే అంటుకుని వస్తుంది. డైలాగ్‌లో పాలిగాన్లను క్లోజ్డ్ పాలీలైన్లుగా తెమ్మనే టిక్ ఒకటుంది, దాన్ని పెట్టడం మర్చిపోవద్దు. డ్రాయింగ్‌కి ముందే కోఆర్డినేట్ సిస్టమ్ కేటాయించి ఉంటే మార్పిడి కూడా అదే చేసుకుంటుంది. కేటాయించకపోతే మాత్రం అడగదు, ఆపదు, ఉన్న అంకెలను ఉన్నట్టే దింపేస్తుంది. ఫైల్ లాట్‌లాంగ్‌లో (అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో) ఉంటే ఓఆర్‌ఆర్ లోపలి నగరమంతా ఒక్క యూనిట్‌లోపే ఇమిడిపోతుంది. కోఆర్డినేట్ సిస్టమ్ ఏదో చెప్పే పీఆర్‌జే ఫైల్ పంపకుండా మిగతావి మాత్రమే వాట్సాప్‌లో పంపేవాళ్లు ఉన్నంతకాలం ఈ తంటా తప్పదు.

క్యూజీఐఎస్ ఉచితం, మ్యాప్‌ఇంపోర్ట్ లేని ఆటోక్యాడ్ ఎల్‌టీ వాడేవాళ్లకు దాదాపు ఇదే దిక్కు. దాని అసలు లాభం ధర కాదు. కోఆర్డినేట్ సిస్టమ్ తెలియని లేయర్ పక్కన ప్రశ్నార్థకం పెట్టి చూపిస్తుంది. వెనక ఉపగ్రహ చిత్రం వేసుకుంటే చెరువు గట్టు మీద గీత కూర్చుందో లేదో కంటికే తెలిసిపోతుంది. ఒక జాగ్రత్త: తెరమీద అన్నీ సరిగ్గా అతికినట్టు కనిపిస్తున్నా, ఎగుమతి డైలాగ్‌లో ఈపీఎస్‌జీ 32644 (డబ్ల్యూజీఎస్ 84, యూటీఎం జోన్ 44కి కోడ్) మీరే ఎంచుకోవాలి. తెర కోసం చేసిన మార్పిడి ఫైల్‌లోకి దానంతటది రాదు.

డీఎక్స్‌ఎఫ్‌లో పోయేది పట్టిక. ప్రాజెక్టు మొత్తాన్ని డీఎక్స్‌ఎఫ్‌గా ఎగుమతి చేస్తే లేబుళ్లు టెక్స్ట్‌గా వస్తాయి కాబట్టి సర్వే నంబర్లు కనిపిస్తాయి, కానీ ఏ నంబరు ఏ హద్దుదో క్యాడ్‌కి తెలియదు. ఒక్కో లేయర్‌ని విడిగా ఎగుమతి చేస్తే పాలిగాన్లు హ్యాచ్‌లుగా (లోపల నింపిన ఆకారాలుగా) వచ్చి విసిగించవచ్చు, వాటిని ముందే గీతలుగా మార్చుకుంటే గొడవ ఉండదు. గ్రామాల పేర్లు తెలుగులో ఉంటే ఆటోక్యాడ్ సొంత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లలో ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి. టెక్స్ట్ స్టైల్‌ని గౌతమి లాంటి ట్రూటైప్ ఫాంట్‌కి మార్చండి.

నన్నడిగితే రెండూ వాడమంటాను, వరుస మాత్రం మార్చకూడదు. ముందు క్యూజీఐఎస్‌లో తెరిచి, ఉపగ్రహ చిత్రంతో సరిచూసి, 32644లో కొత్త షేప్‌ఫైల్‌గా భద్రపరచండి. మ్యాప్ 3డీ ఉంటే దాన్ని మ్యాప్‌ఇంపోర్ట్‌తో తెచ్చుకోండి, పట్టిక కూడా దక్కుతుంది. లేకపోతే డీఎక్స్‌ఎఫ్. ఏదో ఒక్కటే ఎంచుకోమంటే క్యూజీఐఎస్‌కే నా ఓటు. పట్టిక పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు, తప్పు చోట పడిన గీత మీద ప్లాట్లు గీసేశాక ఏం చేస్తాం?

మిగతావి క్లుప్తంగా. మ్యాప్ 3డీలోనే డేటా కనెక్ట్ అని ఉంది, పెద్ద ఫైళ్లను వెనక పెట్టుకుని చూడటానికి బాగుంటుంది, కానీ అవి మామూలు డ్రాయింగ్ వస్తువులు కావు, ట్రిమ్, ఆఫ్‌సెట్ చేద్దామంటే కుదరదు. ఫైళ్లను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే ఎఫ్‌ఎంఈ సాఫ్ట్‌వేర్ గొప్పదే, చిన్న ఆఫీసుకు ఖర్చు దండగ. గూగుల్ ఎర్త్ కేఎంఎల్ ఎప్పుడూ లాట్‌లాంగే కాబట్టి అది కూడా ముందు క్యూజీఐఎస్‌కే వెళ్లాలి.

అన్నీ సరిగ్గా చేసినా టోటల్ స్టేషన్ కొలతకీ తెచ్చుకున్న గీతకీ కిలోమీటరుకు దాదాపు 40 సెంటీమీటర్ల తేడా కనిపిస్తుంది. అది మీ తప్పు కాదు. జోన్ 44 మధ్యరేఖ 81 డిగ్రీల దగ్గరుంది, మనం దానికి బాగా పడమర అంచున ఉన్నాం, అందుకే ఇక్కడ గ్రిడ్ దూరం నేల దూరం కన్నా కాస్త ఎక్కువ చూపిస్తుంది. రెండు మూడు ఎకరాల ప్లాటుకు దీన్ని పట్టించుకోనక్కర్లేదు. రోడ్డు పనికి మాత్రం స్కేల్ ఫ్యాక్టర్ (గ్రిడ్ దూరానికీ నేల దూరానికీ ఉన్న నిష్పత్తి) లెక్క ముందే సర్వేయర్‌తో మాట్లాడుకోండి.