పాత జీపు డీజిల్ మీటరుకు మార్కెట్ ఫ్లోటు: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఫ్లోటు యూనిట్, అంటే ట్యాంకులో డీజిల్ ఎంతుందో మీటరుకి తెలిపే భాగం, మంచిదే. దాంతోపాటు కవర్లో వచ్చే కార్కు ప్యాకింగ్ మాత్రం దండగ, బిగించే ముందే పక్కన పడేయండి. నాలుగేళ్లు వాడాక ఈ రెండు మాటలూ గట్టిగా చెప్పగలను. కొనబోయేవాళ్లకి ఇంకో మాట: ఫ్లోటు పోయిందని తేల్చుకునే ముందు ఎర్తు, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి చేరే దారి, చూడండి. విశాఖలో తిరిగే బండికైతే ఇది మరీ ముఖ్యం.

బండి డ్రైవరు సీటు కింద ట్యాంకు ఉండే పాత మహీంద్రా డీజిల్ జీపు, 12 వోల్టుల వైరింగు. మీటరు లోపల తీగచుట్టలుండే రకం. ఫ్లోటు బిగించింది 2021 వేసవిలో. రోజూ బీచ్ రోడ్డు మీద తిరుగుడు, రాత్రి ఆరుబయటే పార్కింగు, అప్పుడప్పుడు అరకు. ఉప్పుగాలి, వాన, ఘాటు రోడ్డు, మూడూ దీనికి బాగానే తగిలాయి.

మొదట కనిపించిన లక్షణం ఇది: బంకులో నిండా కొట్టించినా ముల్లు ముప్పావు దాటదు. ట్యాంకు ఖాళీ అవుతున్నప్పుడు మాత్రం అడుగు గీత దగ్గర సరిగ్గానే ఆగుతుంది. ఇలాంటి బండి చూడగానే ఫ్లోటు మార్చేయమంటారు. లెక్క వేస్తే తప్పు వేరేచోట దొరుకుతుంది. ఈ జీపు పాత యూనిట్‌ని కొలిస్తే ఫ్లోటు పూర్తిగా పైకెత్తినప్పుడు 10 ఓమ్‌లు (కరెంటుకి అడ్డు ఎంతో చెప్పే కొలత), పూర్తిగా దించినప్పుడు 73 ఓమ్‌లు వచ్చాయి. ట్యాంకుకీ బాడీకీ మధ్య తుప్పు వల్ల ఇంకో 9 ఓమ్‌లు కలిశాయనుకోండి. ఖాళీ దగ్గర 73 కాస్తా 82 అవుతుంది, ముల్లులో తేడా కంటికి ఆనదు. నిండు దగ్గర 10 కాస్తా 19 అవుతుంది, అంటే దాదాపు రెట్టింపు. ముల్లు ముప్పావు దగ్గరే ఆగిపోతుంది. నిండు దగ్గర తప్పు చూపిస్తూ ఖాళీ దగ్గర సరిగ్గా ఉందంటే ముందు ఎర్తునే అనుమానించాలి.

దీన్ని మల్టీమీటరుతో రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. తాళం ఆన్ చేసి, మల్టీమీటరు నల్ల వైరు బ్యాటరీ నెగటివ్‌కి, ఎర్ర వైరు ఫ్లోటు యూనిట్ పైరేకుకి పెట్టండి. 0.1 వోల్టు లోపు ఉంటే ఎర్తు బాగున్నట్టే. ఈ బండిలో 0.9 వచ్చింది. తర్వాత హెడ్‌లైట్లు వెయ్యండి. లైట్లు వేసినప్పుడల్లా ముల్లు కిందికి జారితే తప్పు బ్యాటరీ నుంచి బాడీకి వచ్చే లావు ఎర్తు వైరులో ఉంటుంది. లైట్లతో సంబంధం లేకుండా ఎప్పుడూ తక్కువే చూపిస్తే ట్యాంకుకీ బాడీకీ మధ్య చూడాలి. డ్యాష్‌బోర్డులో వోల్టేజీ స్టెబిలైజరు ఉండే వేడిపట్టీ రకం (పట్టీ వేడెక్కి వంగితే ముల్లు కదిలే) మీటర్లకి ఈ వోల్టు పరీక్ష కుదరదు, అంకె ఎగిరెగిరి పడుతుంది. అలాంటి బండికి బ్యాటరీ విప్పేసి ఓమ్‌లు కొలవాలి. ఆ రకంలో డీజిల్ ముల్లూ టెంపరేచర్ ముల్లూ రెండూ ఒకేసారి తప్పు చూపిస్తే మాత్రం ట్యాంకు జోలికి వెళ్లకండి, స్టెబిలైజరు చూడండి.

ట్యాంకు కూర్చునేది మెత్తటి పట్టీల మీద, పైగా ఒళ్లంతా పెయింటు. ఎర్తు అందేది బిగింపు బోల్టుల ద్వారానే. సముద్రం పక్కన ఆ బోల్టుల కింద తుప్పు పట్టడానికి రెండు వానాకాలాలు చాలు. అందుకే యూనిట్ పైరేకు స్క్రూల్లో ఒకదాని కింద థింబుల్ (వైరు చివర తొడిగే రేకు రింగు) పెట్టి, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి నేరుగా ఛాసిస్‌కి లాగాలి. ఛాసిస్ దగ్గర పెయింటు గీకి, బోల్టు బిగించాక పైన గ్రీజు పూయాలి. ఈ ఒక్క వైరుతో 0.9 కాస్తా 0.03కి దిగింది, ముల్లు నిండు గీత దాకా వెళ్లింది.

ఎర్తు బాగుపడ్డాక రెండో జబ్బు బయటపడింది. సగం దగ్గరికి వచ్చేసరికి ముల్లు ఉన్నట్టుండి అడుక్కి పడిపోయి, గతుకు తగలగానే మళ్లీ లేస్తుంది. మీటరు తప్పా ఫ్లోటు తప్పా అన్నది ఇక్కడ తేల్చాలి. ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కొట్లో 10, 33, 68 ఓమ్‌ల రెసిస్టర్లు, ఒక్క వాటువి, తలా ఒకటి కొనండి. ఫ్లోటు వైరు ఊడదీసి, వైరుకీ ఎర్తుకీ మధ్య ఒక్కోటి పెట్టి చూడండి. 10కి నిండు, 33కి ఇంచుమించు సగం, 68కి అడుగు గీతకి కాస్త పైన ముల్లు నిలబడితే మీటరూ వైరూ క్షేమం. వైరుని తిన్నగా బాడీకి తాకించి చూసే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల ముల్లు కదులుతుందని తెలుస్తుంది గానీ సరిగ్గా చూపిస్తోందా అన్నది తెలియదు.

యూనిట్ తీసేటప్పుడు ట్యాంకులో డీజిల్ సగంకన్నా తక్కువ ఉండాలి, బ్యాటరీ విప్పి ఉండాలి. సీటు తీశాక పైరేకు చుట్టూ పేరుకున్న మట్టిని బ్రష్షుతో, గాలితో పూర్తిగా ఊడ్చాకే స్క్రూల జోలికి వెళ్లండి. ఆ మట్టి ట్యాంకులో పడితే తర్వాత ఫిల్టర్లో తేలుతుంది. ఐదు స్క్రూలుంటాయి, తుప్పు పట్టి ఉంటాయి. తుప్పు వదిలించే నూనె రాసి ఒక రాత్రి వదిలేస్తే తలలు అరగకుండా వస్తాయి. పెట్రోలు బండి అయితే ఈ పని ఆరుబయటే చెయ్యాలి, బల్బు వైరు గానీ డ్రిల్లు గానీ దగ్గరికి తీసుకురాకూడదు.

బయటికి తీసిన పాత యూనిట్‌లో తప్పు కళ్లకి కట్టినట్టు కనిపించింది. సన్నటి తీగ దగ్గర దగ్గరగా చుట్టిన పట్టీ మీద ఇత్తడి నాలుక ఒకటి జారుతుంటుంది. పట్టీ రెండు చివర్లూ కొత్తవాటిలా ఉన్నాయి. సరిగ్గా నడుమ, ఓ అంగుళంలో మూడోవంతు మేర తీగచుట్లు అరిగి చదునై, రెండు చుట్లు తెగి ఉన్నాయి. ఊళ్లో తిరిగే బండిలో డీజిల్ ఎప్పుడూ పావుకీ సగానికీ మధ్యే ఉంటుంది, నాలుక అక్కడే గీసుకుంటూ ఉంటుంది. దీన్ని గరుకు కాగితంతో రుద్దితే మిగిలిన తీగ కూడా పోతుంది. ఇత్తడి డబ్బా ఫ్లోటు ఉన్న యూనిట్ అయితే చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల డీజిల్ చప్పుడైతే చిల్లు పడ్డట్టే. వేడినీళ్లలో ముంచితే బుడగలు ఎక్కడ వస్తున్నాయో అక్కడే చిల్లు. టంకం పెట్టొచ్చు గానీ లోపల ఆవిరి మిగిలిన డబ్బాని మంట దగ్గరికి తీసుకెళ్లకూడదు. ఫ్లోటు మార్చేయడమే మంచిది.

ఇక కొత్తది కొనడం. ఆటోనగర్‌లో జీపు ఫ్లోటు అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు, ఓమ్‌లు ఎవరూ అడగరు. పాత జీపుల్లో డ్యాష్‌బోర్డు మీటరు ఎన్ని చేతులు మారిందో తెలియదు కాబట్టి బండి పేరు చెప్పి కొనడం దండగ. బజారులో ఖాళీ నుంచి నిండుకి వెళ్లేటప్పుడు 240 ఓమ్‌ల నుంచి 33కి తగ్గేవి ఉన్నాయి, 10 నుంచి 180 వరకు పెరిగేవి ఉన్నాయి, 0 నుంచి 90 రకం ఉన్నాయి. 240–33 రకాన్ని ఈ బండికి పెడితే ట్యాంకు నిండా ఉన్నా ముల్లు సగం దాటదు. 10–180 రకం పెడితే నిండుని ఖాళీగా, ఖాళీని నిండుగా చూపిస్తుంది. కొట్టు దగ్గరే మల్టీమీటరు పెట్టి పైకీ కిందికీ కొలిచి తెచ్చుకోవాలి. నేను తెచ్చిన ఈ యూనిట్ కొలత ఖాళీకి 74, నిండుకి 11. ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. ధర వందల్లోనే.

ఫ్లోటు చివరన ఉండే కడ్డీ పొడవు మీరే సరిచూసుకోవాలి. ట్యాంకు లోతుని శుభ్రమైన చెక్క స్కేలుతో కొలిచి, ఫ్లోటు అడుగు నుంచి పైదాకా ఎంత కదలాలో రాసుకోండి. కడ్డీ 90 డిగ్రీలు తిరిగే యూనిట్‌కి ఆ కదలికని 0.7తో గుణిస్తే కడ్డీ పొడవు వస్తుంది. ఫ్లోటు 200 మిల్లీమీటర్లు కదలాలంటే కడ్డీ సుమారు 140 ఉండాలి. కడ్డీ తిరిగే ఇరుసు ట్యాంకు లోతులో సగానికి రావాలి. కడ్డీని వంచేటప్పుడు ఇరుసు దగ్గర కటింగ్ ప్లేయరుతో గట్టిగా పట్టుకుని బయటివైపు వంచండి. లేకపోతే ఒత్తిడంతా నాలుక మీద పడుతుంది.

ఖాళీ గీత ఎక్కడ ఉండాలన్నది నా మటుకు చాలా ముఖ్యం. డీజిల్ బండి ట్యాంకు అడుగంటితే లైన్లో ఎయిర్ పడుతుంది. ఫిల్టరు దగ్గర స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు పోయేదాకా రోడ్డు పక్కన కూర్చోవాలి. అందుకే ముల్లు అడుగు గీత మీదికి వచ్చేసరికి ట్యాంకులో ఇంకా 6 లీటర్లు ఉండేలా కడ్డీ వంచాను. అది తేల్చడానికి ఖాళీ ట్యాంకులో 6 లీటర్లు పోసి ముల్లు చూడటం, తర్వాత 5 లీటర్ల చొప్పున పోస్తూ ప్రతిసారీ ముల్లు ఎక్కడుందో మీటరు అద్దం మీద సన్నగా గుర్తు పెట్టడం. గంట పని. మీటరు మీది సగం గీత ట్యాంకులో సగం కాదని అప్పుడు తెలుస్తుంది.

కార్కు ప్యాకింగ్ ఏడాది తిరక్కుండానే ఎండి ముడుచుకుంది. మలుపుల్లో డీజిల్ చెమర్చి సీటు కింద మట్టి అంటుకోవడం మొదలైంది. నైట్రైల్ రబ్బరు రేకు, 3 మిల్లీమీటర్ల మందంది, తెచ్చి పైరేకు మీద పెట్టి కోసుకున్నాక ఇప్పటిదాకా చుక్క రాలేదు. మామూలు సిలికాన్ పేస్టు వాడకండి, డీజిల్‌కి ఉబ్బి ఊడొస్తుంది. ప్యాకింగ్ రబ్బరుదైనా స్క్రూల ద్వారా ఎర్తు అందాలి కాబట్టి స్టీలు స్క్రూలు కొత్తవి వేశాను.

రెండో ఏడాది టెర్మినల్ మీద పచ్చటి చిలుము పూసింది. పొడిలా ఉండదు, పాత రాగి చెంబు అంచున పట్టినట్టు గట్టిగా అంటుకుని ఉంటుంది. ఇత్తడి బ్రష్షుతో తీసి వ్యాజిలీన్ పూసి రబ్బరు టోపీ తొడిగాను. ప్రతి వానాకాలం ముందు ఇది చెయ్యాల్సిందే. కంపెనీ ఆ టోపీ ఇవ్వకపోవడం ఈ యూనిట్‌కి నిజమైన లోపం.

ఫ్లోటు నల్లటి నురగ రబ్బరుది. ఇన్నేళ్లలో డీజిల్ పీల్చలేదు, తేలే ఎత్తు మారలేదు. ఇత్తడి డబ్బాకన్నా ఇదే నయం.

ఘాటులో ముల్లుని నమ్మొద్దు. ఎస్.కోట దాటి అనంతగిరి ఎక్కుతుంటే డీజిల్ వెనక్కి వాలుతుంది, దిగేటప్పుడు ముందుకి. ముల్లు పావు వంతు అటూ ఇటూ పోతుంది. చదునుగా ఉన్నచోట ఆగి చూసుకోవాలి. ఎస్.కోటలోనే కొట్టించుకుని ఎక్కడం మేలు.

నాలుగో ఏడాది మళ్లీ అదే నడిమి భాగంలో అరుగుదల మొదలైంది. ఓమ్‌లు 30 దగ్గర ఒక్కసారి 200 దాటి మళ్లీ దిగుతున్నాయి. నాలుక కొసని చిన్న చిమటాతో వెంట్రుకవాసి పక్కకి వంచితే పట్టీ మీద అరగని దారి దొరికింది. ఆరు నెలలుగా ముల్లు ఎక్కడా పడలేదు. ఆ దారి కూడా అరిగితే మార్చాలి కాబట్టి 74, 11 కొలిచి తెచ్చిన ఇంకో యూనిట్, కోసి పెట్టిన నైట్రైల్ ప్యాకింగ్, ఐదు స్క్రూలు ఒక డబ్బాలో సిద్ధంగా ఉన్నాయి.