కుక్కతో విశాఖ తీరం: బస భీమిలిలో, ఓడలు ఆర్కే బీచ్‌లో

కుక్కను వెంటబెట్టుకుని విశాఖ వెళ్లేవాళ్లకు నేను చెప్పేదొకటే. బస భీమిలిలో పెట్టుకోండి, ఓడలు చూడ్డానికి ఒక పొద్దున ఆర్కే బీచ్‌కి రండి. సంక్రాంతి రద్దీ తగ్గాక మా కుక్క చిట్టిని తీసుకుని అలాగే వెళ్లొచ్చాం.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట తెల్లారేసరికి సీగల్స్ గుంపులుగా దిగి ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం గోధుమతల సీగల్స్. టిబెట్ వైపు ఎత్తైన సరస్సుల నుంచి చలికాలం గడపడానికి వస్తాయి. పేరుకే గోధుమతల, చలికాలంలో తల తెల్లగానే ఉంటుంది, కంటి వెనక ఒక నల్లమచ్చ తప్ప. ఎండలు ముదిరి తిరిగి వెళ్లే వేళకు ఆ రంగు వస్తుంది. అల వెనక్కి తగ్గగానే చిన్న ఉల్లంకి పిట్టలు దాని వెంట పరుగెత్తి, తడి ఇసుకలో గబగబా పొడుచుకుని, మళ్లీ అల రాకముందే వెనక్కి వచ్చేస్తాయి. చిట్టి ముందుకాలు ఒకటి పైకెత్తి అలా చూస్తూ నిలబడిపోయింది.

పట్టీ మాత్రం వదలకండి. చలికాలం నుంచి వేసవి మొదలయ్యే దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. కుక్కలు ఆ గూళ్లు తవ్వేస్తాయి. పిట్టల్ని తరిమినా నష్టమే, అంత దూరం ఎగిరొచ్చినవాటికి తిండీ విశ్రాంతీ రెండూ కావాలి. ఇంకో సంగతి, జాలర్ల పడవల దగ్గర వీధికుక్కలు గుంపు కడతాయి. అక్కడ కాస్త పైనుంచి చుట్టుతిరిగి వెళ్లడం మంచిది. భీమిలి నుంచి ఎర్రమట్టి దిబ్బల వైపు నడక హాయిగా ఉంటుంది గానీ ఎండెక్కితే ఇసుక కాలుతుంది, నీళ్లు మీరే మోసుకెళ్లాలి.

ఆర్కే బీచ్‌లో పొద్దున్నే వాహనాలు ఆపేస్తారు కాబట్టి కుక్కతో టెన్షన్ ఉండదు. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పక్కనే రేవు ముఖద్వారం. బయట లంగరేసిన ఓడలన్నీ గాలికీ ప్రవాహానికీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. ఖాళీ ఓడ పైకి తేలి అడుగున పూసిన ఎర్రరంగు కనిపిస్తుంది. సరుకుతో ఉన్నదానికి ఆ ఎరుపు నీళ్లలో మునిగిపోతుంది. బైనాక్యులర్స్ ఉంటే గంట ఇట్టే గడిచిపోతుంది. కురుసుర జలాంతర్గామి మ్యూజియం మేము ఒకరి తర్వాత ఒకరం చూశాం, ఇద్దరిలో ఒకరు చిట్టితో బయట ఉండాల్సిందేగా.

రుషికొండ అందంగా ఉంటుంది గానీ కుక్కతో వద్దు. 2020లో బ్లూఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, ఆ నిబంధనలు జంతువుల విషయంలో కట్టుదిట్టం.

బస దగ్గరే ఇబ్బంది పడ్డాం. ఫోన్లో సరేనన్న ఒక హోటల్ వాళ్లు కౌంటర్ దగ్గర కుదరదన్నారు. అందుకే కుక్క ఫొటో పంపి, ఒప్పుకున్నట్టు మెసేజ్ తీసుకోండి. చివరికి భీమిలిలో ఒక ఇంటివాళ్ల గది దొరికింది. ఏసీ అంతంతమాత్రమే, కానీ ప్రహరీ ఉంది, పెరట్లో కుళాయి ఉంది. ఉప్పునీళ్లలో తడిసిన కుక్కను రోజూ మంచినీళ్లతో కడగాలి కాబట్టి మాకు ఆ కుళాయే ఏసీ కన్నా అక్కరకొచ్చింది. ఆటోవాళ్లలో కొందరు ఎక్కించుకోరు, పాత దుప్పటి పరుస్తామంటే చాలామంది ఒప్పుకుంటారు. రైల్లో మీతోపాటే కూర్చోబెట్టుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే (తలుపున్న చిన్న గది) మొత్తం మీ పేరు మీదే ఉండాలి. మేము కారులోనే వెళ్లాం.