పాత జిప్సీలో ఆ మోత ఎక్కడిది?

పదేళ్లకు పైగా మారుతీ జిప్సీ నడుపుతున్నాను. 2008 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. నెల్లూరు జిల్లా విడవలూరు వైపు మాకు రొయ్యల గుంటలున్నాయి. మేత బస్తాలు, డీజిల్ క్యాన్లు, వానాకాలంలో మనుషులు, అన్నీ ఇందులోనే. బురదలో ఇంత నమ్మకమైన బండిని నేను చూడలేదు. హైవే మీద ఇంత విసుగు పుట్టించే బండినీ చూడలేదు.

1298 సీసీ పెట్రోల్ ఇంజను, 80 హార్స్‌పవర్. గుడ్డ టాపు బండి బరువు 985 కిలోలే. దీని బలమంతా ఆ తేలికలోనే ఉంది. నవంబరు వానలకు గట్ల మీద ట్రాక్టరు కూరుకుపోయిన చోట కూడా ఇది నాలుగు చక్రాలకూ బలం ఇచ్చే లో గేరు 4ఎల్‌లో పాక్కుంటూ బయటికొచ్చేస్తుంది. నాలుగు చక్రాలకూ కమాన్ కట్టలే కాబట్టి వెనక ఎదురెదురు సీట్లలో కూర్చున్నవాళ్ల నడుముల సంగతి అడక్కండి. ఏసీ లేదు. మైలేజీ పది దాటితే పండగే. మామూలు జనానికి అమ్మడం 2019లో ఆగిపోయింది గానీ, మిలిటరీ వాడకం వల్ల పార్టులకు ఇప్పటికీ పెద్దగా కరువు లేదు.

ఇక అసలు సంగతి. ఒక వానాకాలం చివర్లో బండికి ఒక మోత పట్టుకుంది. యాభై కిలోమీటర్ల స్పీడు దాకా ఏమీ ఉండదు. యాభై అయిదు దాటగానే దూరంగా గుంటలో నీళ్లకు గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నట్టు ఊఁ అని మొదలై, అరవై అయిదు దగ్గర చెవులు దిబ్బళ్లు వేసేంత అయ్యేది. కావలి హైవే ఎక్కితే పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే అరవాల్సిందే. గుడ్డ టాపు బండిలో శబ్దం ఏ మూల నుంచి వస్తోందో చెప్పడం కష్టం. మా బావ స్టీరింగ్ పట్టుకుంటే నేను వెనక పడుకుని ఫ్లోరుకు చెవి ఆనించి విన్నాను. అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టే ఉంది.

నెల్లూరులో ఒక మెకానిక్ టెస్ట్ డ్రైవ్ చేసి "టైర్లన్నా" అన్నాడు. నిజమే, బురద టైర్లు అరిగేకొద్దీ మోత పెడతాయి. కానీ టైరు మోత రోడ్డును బట్టి మారాలి. సిమెంటు రోడ్డు మీద ఒకలా, తారు రోడ్డు మీద ఇంకోలా ఉండాలి. ఇది మారలేదు. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చినా అదే పాట. ఇంకొకాయన వెనక చక్రాలకు బలం తీసుకెళ్లే షాఫ్టు కీళ్లు, అంటే క్రాసులు, మార్చాడు. అవి ఎలాగూ మార్చాల్సినవే, పోనీలే అనుకున్నాను. మోత మాత్రం పోలేదు.

నేను అప్పుడు చేసిన పరీక్షలివి. అరవై అయిదులో న్యూట్రల్ చేస్తే మోత తగ్గలేదు, కాబట్టి ఇంజను కాదు. అదే స్పీడులో ఫోర్త్‌లో, ఫిఫ్త్‌లో తేడా లేదు, కాబట్టి గేర్‌బాక్స్ మీద కూడా అనుమానం పోయింది. యాక్సిలరేటర్ నొక్కినా వదిలినా ఒకటే. షాఫ్టు నుంచి వచ్చే బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్‌లో, క్రౌన్, పినియన్ అనే పళ్ల చక్రాల దగ్గర తేడా వస్తే బరువు పడినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా వినిపిస్తుందని అందరూ చెబుతారు. దాంతో డిఫరెన్షియల్ కూడా కాదన్నారు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ మెల్లగా అటూ ఇటూ ఊపి చూశాను. వీల్ బేరింగ్ అయితే ఒక వైపు బరువు పడగానే మోత పెరగాలి. పెరగలేదు. అంటే ఏదీ కాదు, కానీ మోత ఉంది!

చిక్కు విప్పింది ఒక ముసలి మెకానిక్. వచ్చీరాగానే ముందు చక్రాల హబ్బులు చూశాడు. జిప్సీ ముందు హబ్బుల మీద చేత్తో తిప్పే మీట ఉంటుంది, లాక్, ఫ్రీ అని. వానలు మొదలైతే నేను లాక్‌లోనే ఉంచుతాను, గట్టు మీద బురదలో దిగి తిప్పే ఓపిక ఎవరికుంది. ఆయన రెండింటినీ ఫ్రీకి తిప్పి "ఇప్పుడు పోనియ్ నాయనా" అన్నాడు. డెబ్బై దాకా లాగాను. మోత లేదు.

అక్కడే ఉంది కిటుకు. హబ్బులు లాక్‌లో ఉంటే, బండి వెనక చక్రాలకే బలం వెళ్లే 2హెచ్‌లో వెళ్తున్నా ముందు యాక్సిళ్లు, క్రౌన్, పినియన్, ముందు షాఫ్టు అన్నీ చక్రాలతో పాటు ఊరికే తిరుగుతుంటాయి. ఇంజను బలం మాత్రం వాటి మీద ఉండదు. అందుకే యాక్సిలరేటర్ నొక్కినా, వదిలినా ముందు పినియన్‌కు తేడా తెలియదు. పుస్తకంలో రాసిన పరీక్ష వెనక డిఫరెన్షియల్‌కు పనికొస్తుంది, 2హెచ్‌లో నడిచే బండి ముందు డిఫరెన్షియల్‌కు పనికిరాదు. మిగతావాళ్లు జాకీ ఎత్తి చక్రం తేలిగ్గా తిరగడానికి హబ్బు ఫ్రీ చేసి మరీ చూశారు, వాళ్లకు ఏం దొరుకుతుంది?

ఆయన అక్కడితో ఆగలేదు. ముందు షాఫ్టు విప్పి పక్కన పెట్టి, హబ్బులు మళ్లీ లాక్ చేయించాడు. మోత తిరిగొచ్చింది. షాఫ్టు కాదు, ముందూ వెనకా చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు కాదు, ముందు డిఫరెన్షియల్ హౌసింగ్ లోపలే.

డ్రెయిన్ నట్టు విప్పితే ముందు నీళ్లు, తర్వాత తెల్లగా నురగ కట్టిన ఆయిల్. హైవే మీద వచ్చి వేడిగా ఉన్న హౌసింగ్‌ను నేరుగా ఉప్పుకాలవలో దించితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. బ్రీదర్, అంటే హౌసింగ్‌కు గాలి ఆడే చిన్న రంధ్రం, తెరిచి ఉంటే అక్కణ్నుంచి గాలి పీల్చుకుంటుంది. మాది బురదతో బిగుసుకుపోయి ఉంది, దాంతో సీళ్ల పక్కనుంచి నీళ్లు లాక్కుంది. ఉప్పునీళ్లకు పినియన్ బేరింగుల రోలర్లు గుంతలు పడిపోయాయి. అదృష్టం కొద్దీ క్రౌన్ పళ్లు బాగున్నాయి.

బేరింగులు రెండూ, సీళ్లు, నలిగే స్పేసరు కొత్తవి వేశారు. ఆ స్పేసరు విషయంలో గట్టిగా ఉండండి. బిగించేటప్పుడు అది నలిగి బేరింగుకు సరైన బిగువు ఇస్తుంది. ఎక్కువ నలిగితే నట్టు వదులు చేసినా లాభం లేదు, ఇంకోటి వేయాల్సిందే. పాతదే పెడతానంటే ఒప్పుకోవద్దు. పళ్లు సరిగ్గా కలుస్తున్నాయో లేదో రంగు పూసి ముద్ర చూశాక 80డబ్ల్యు-90 ఆయిల్ పోశారు. బ్రీదర్‌కు రబ్బరు పైపు తగిలించి బానెట్ లోపల పైదాకా లాగించాను. దానికైన ఖర్చు ఒక పూట పెట్రోలంత కూడా లేదు.

ఆ తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి. ఏటా వానలు తగ్గాక డ్రెయిన్ నట్టు కొంచెం వదులు చేసి రెండు చుక్కలు చూస్తున్నాను, ఆయిల్ శుభ్రంగా ఉంది. హబ్బులు లాక్‌లో ఉన్నా అరవై అయిదులో ఇప్పుడు వినపడేది బురద టైర్ల గోల, గుడ్డ టాపు టపటపలు. పాత జిప్సీ కొనబోయేవాళ్లు టెస్ట్ డ్రైవ్ రెండుసార్లు చేయండి, ఒకసారి హబ్బులు ఫ్రీలో, ఒకసారి లాక్‌లో. అమ్మేవాడు ఫ్రీలోనే ఉంచి చూపిస్తాడు.

ఎనభై దగ్గర స్టీరింగ్ వణుకు మాత్రం ఇంకా ఉంది. ముందు చక్రాలు పక్కకు తిరిగే చోట ఉండే కింగ్‌పిన్ బేరింగులు తెప్పించి పెట్టుకున్నాను, ఈ పంట పట్టుబడి అయ్యాక ఆ పని చేయించాలి.