రేషన్ బియ్యం మేలా, అకౌంట్లో డబ్బులు మేలా?

మా ఊళ్ళో నెల మొదట్లో రేషన్ షాపు ముందు లైన్ ఎంతుండేదో పక్క సందులో ట్రాలీ ఆటో దగ్గర కూడా దాదాపు అంతే ఉండేది. ఇటు వేలిముద్ర వేసి దొడ్డు బియ్యం తీస్కోవడం, అటు కాటా మీద పెట్టి కిలో పది రూపాయలకి అమ్మేయడం. సర్కారుకి మాత్రం కొని, గోడౌన్లో పెట్టి, మోసుకొచ్చేసరికి అదే కిలో 40 రూపాయల దాకా పడుతుంది. 2024 నవంబర్‌లో పవన్ కళ్యాణ్ కాకినాడ పోర్టుకెళ్ళి సీజ్ ద షిప్ (ఓడని పట్టుకోండి) అన్నది ఇలా చేతులు మారి ఓడెక్కే రేషన్ బియ్యం గురించే. ఇదంతా చూస్తే ఎవరికైనా అనిపిస్తుంది, ఈ గోలంతా దేనికి ఆ 40 ఏదో అకౌంట్లో వేసేస్తే పోలా అని. నేనూ చాన్నాళ్ళు అదే వాదించా.

కర్ణాటకలో అలా వేసి చూశారు. 2023లో అదనంగా ఇస్తామన్న 5 కిలోలకి కేంద్రం బియ్యం ఇవ్వనంటే జులై నుంచి కిలోకి 34 లెక్కన మనిషికి 170 రూపాయలు వేశారు. 34కి తినే బియ్యం ఏ కొట్లో వస్తాయండీ? పైగా మార్కెట్ రేటు పెరిగినా ఆ 170 అలాగే ఉంది. 2025 ఫిబ్రవరి నుంచి మళ్ళీ బియ్యానికే వచ్చారు (అప్పటికి కేంద్రం 22.50కి ఇస్తానంది, లెక్క కూడా కలిసొచ్చిందిలెండి).

ఇంకోటి, డబ్బులు ఎవరి అకౌంట్లో పడతాయి? బియ్యం సంచి ఇంటికొస్తే ఆడవాళ్ళ చేతికే వస్తుంది, డబ్బు సంగతి చెప్పలేం. మా పెద్దమ్మకి గ్యాస్ సబ్సిడీ ఎందులో పడుతోందో తెలుసుకోడానికి మూడుసార్లు మండలానికి తిరిగాం, తీరా చూస్తే ఎప్పుడో తీసి మర్చిపోయిన అకౌంట్లో పడుతోంది.

అసలు ఎవరూ మాట్లాడనిది వడ్ల సంగతి. ఐకేపీ సెంటర్లో (ఊళ్ళలో సర్కారు తరఫున వడ్లు కొనే చోటు) మద్దతు ధరకి కొంటున్నారంటే ఆ బియ్యం పంచడానికి రేషన్ షాపులు ఉన్నాయి కాబట్టే కదా, రేషన్ ఎత్తేసి డబ్బులిస్తే రేపు సర్కారు అంత ధాన్యం కొని ఏం చేసుకుంటుంది, కొనకపోతే మిల్లరు చెప్పిందే రేటు, అప్పుడు పేదోడికి వేసిన డబ్బు కౌలు రైతు జేబులోంచి తీసినట్టే.

అందుకే నా ఓటు బియ్యానికే, కాకపోతే తినగలిగే బియ్యానికి. 2025 ఉగాది నుంచి తెలంగాణలో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, బయట కొంటే కిలో 50 పైనే. ఖర్చెక్కువే, సన్న వడ్లకి క్వింటాకి 500 బోనస్ కూడా ఇవ్వాలి, కానీ అమ్ముకునేవాళ్ళు మా దగ్గర బాగా తగ్గారు. డబ్బు ఇస్తే దీని మీద పప్పుకో నూనెకో ఇవ్వండి, దీని బదులు వద్దు.

వేలిముద్ర తంటా మాత్రం అలాగే ఉంది. పెద్దమ్మది నాట్లేసి అరిగిపోయిన వేలు, మిషన్ పట్టదు. చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెడుతుంది, వెనకాల లైన్లో వాళ్ళు విసుక్కుంటుంటారు.