సిరస్ ఎస్ఆర్22: ఫైబర్‌గ్లాస్ విమానం, స్టాటిక్, పిడుగు

డాలస్ దగ్గర కొందరు మిత్రులం కలిసి కొనుక్కున్న సిరస్ ఎస్ఆర్22 అనే చిన్న విమానాన్ని ఏళ్ల తరబడి నడుపుతున్నాను. దాని వేగం గురించి, ప్రమాదంలో విమానాన్నే కిందికి దించే పారాచూట్ గురించి అందరూ రాస్తారు. ఫైబర్‌గ్లాస్ బాడీతో వచ్చే చిక్కుల గురించి మాత్రం కొనేముందు మాకెవరూ చెప్పలేదు.

అల్యూమినియం విమానంలో కరెంటు పైరేకు మీదుగా పారి బయటికి పోతుంది. ఫైబర్‌గ్లాస్‌లో పారదు. పొడి మంచు, దుమ్ము, వాన చినుకులు రాసుకుంటుంటే చార్జి (స్టాటిక్ కరెంటు) ఎక్కడికక్కడ పోగుపడుతుంది. ఒక చలికాలం ఓక్లహామా వైపు వెళ్తుంటే హెడ్‌సెట్‌లో సన్నగా బుస్సుమని మొదలైంది. కాసేపటికి నేలమీది ట్రాఫిక్ కంట్రోలర్ మాటల్లో సగమే వినబడ్డాయి. మేఘంలోంచి బయటపడగానే ఆగిపోయింది. హ్యాంగర్‌లో చూస్తే ఎయిలెరాన్ (రెక్క వెనక కదిలే పలక) వెనక అంచున ఒక స్టాటిక్ విక్, అంటే చార్జిని వదిలే సన్నటి పుల్ల, సగానికి విరిగి ఉంది, ఇంకోదాని మొదట్లో తెల్లటి తుప్పు పొడి. మెకానిక్ మీటర్ పెట్టి చూసి రెండూ మార్చాడు, లోహపు భాగాలను కలిపే బాండింగ్ పట్టీల కింద శుభ్రం చేసి మళ్లీ బిగించాడు. ఆ తర్వాత రేడియో ఇబ్బంది పెట్టలేదు. ఇప్పుడు ఎగిరేముందు చేసే ప్రతి తనిఖీలో (ప్రీఫ్లైట్) విక్స్ ఒక్కొక్కటీ పట్టుకుని చూస్తాను.

విక్స్ ఉంటే పిడుగు పడదని కొందరు ధీమాగా ఉంటారు. అది పొరపాటు. పోగుపడ్డ చార్జిని కొంచెం కొంచెంగా గాలిలోకి వదలడమే వాటి పని.

పెట్రోలు పోసేటప్పుడు ఎర్త్ క్లిప్పును పెయింట్ మీద తగిలిస్తే లాభం లేదు. సిరస్‌లో ఎగ్జాస్ట్ పైపుకి పెట్టాలి. క్లిప్పు పెట్టాకే ట్యాంకు మూత తీయాలి. టెక్సస్ పొడి చలిలో ఈ వరస తప్పనివ్వను.

పిడుగు సంగతి వేరు. 1999 ఏప్రిల్ 17న ఇంగ్లండ్‌లో డన్‌స్టబుల్ దగ్గర ఏఎస్‌కే 21 అనే ఫైబర్‌గ్లాస్ గ్లైడర్ (ఇంజను లేని విమానం) మీద పిడుగు పడింది. రెక్కలోని అల్యూమినియం కంట్రోల్ రాడ్ నలిగిపోయింది, గ్లైడర్ గాలిలోనే ముక్కలైంది. లోపలున్న ఇద్దరూ పారాచూట్లతో దూకి బతికారు. విమానాలకు అనుమతి ఇచ్చేముందు చేసే సర్టిఫికేషన్ పరీక్షల్లో వాడే స్థాయికంటే ఆ పిడుగు చాలా బలమైనదని దర్యాప్తులో తేలింది. అది చదివాక, ఏ కంపెనీ ఎంత రక్షణ పెట్టినా నాకు దూరం మీదే నమ్మకం.

పెద్ద ఉరుముల మేఘాలకు కనీసం 20 నాటికల్ మైళ్లు దూరంగా ఉండమని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ చెబుతుంది. మేం అంతకంటే తగ్గం. కాక్‌పిట్ తెరమీద కనిపించే నెక్స్‌రాడ్ (వాతావరణ రాడార్) బొమ్మ ఒక్కోసారి 15, 20 నిమిషాల పాతది కావచ్చు. వసంతంలో ఇక్కడి మేఘం ఆలోపే రెట్టింపవుతుంది. బొమ్మలో ఖాళీ కనిపించిందని రెండు మేఘాల మధ్య దూరే ఆలోచన చేయొద్దు. సున్నా డిగ్రీల ఎత్తుకి అటూ ఇటూ మేఘంలో ఎక్కువసేపు ఉండకండి, పిడుగులు ఎక్కువగా తగిలేది అక్కడే.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు లాగ్‌బుక్‌లో పిడుగు దెబ్బ తాలూకు రిపేరు ఉందేమో తప్పక వెతకండి. పైకి చిన్న నల్లమచ్చే కనిపిస్తుంది, లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. కాంపోజిట్ (ఫైబర్‌గ్లాస్ లాంటి పొరల పదార్థం) పని తెలిసిన మెకానిక్ చేత ఆ చుట్టుపక్కలంతా తట్టించి చూపించండి.