ఎడిన్‌బరోలో దయ్యాలకు టికెట్, శవపేటికలకు ఉచితం

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో వెళ్లి దయ్యాల టూర్ బుక్ చేద్దామనుకునేవాళ్లు కాస్త ఆగండి. మనిషికి 19 పౌండ్ల చొప్పున ముగ్గురికి 57 పౌండ్లు, మన డబ్బులో ఆరు వేల పైమాటే వదిలించుకుని వచ్చాం. ఆ కడుపుమంటతోనే ఇది రాస్తున్నా.

టూర్ జరిగేది సౌత్ బ్రిడ్జి అనే పాత వంతెన కింది గదుల్లో. చోటును తప్పుపట్టడానికి లేదు. 1788లో పూర్తయిన సౌత్ బ్రిడ్జికి 19 ఆర్చీలున్నాయి. వాటిలో ఇప్పుడు బయటికి కనిపించేది ఒక్కటే, మిగతావన్నీ రెండువైపులా లేచిన భవనాల వెనక ఉండిపోయాయి. వాటి కింది గదుల్లో మొదట పనివాళ్లు, వ్యాపారులు ఉండేవారు. పైనుంచి నీళ్లు కారుతుంటే వేగలేక వాళ్లు ఖాళీ చేశారు, దిక్కులేని పేదలు వచ్చి చేరారు. గాలీ వెలుతురూ లేని ఆ చీకట్లో వాళ్లెలా బతికారో చెబితే చాలు, వినేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. మా గైడ్‌కు అంత ఓపిక లేదు. గంట టూర్‌లో పాతిక నిమిషాలు రోడ్డు మీదే చలిలో నిలబెట్టి జోకులేశాడు. కిందికి దిగాక లైటు ఆర్పి, నల్లగౌను అమ్మాయి చేత అరిపించాడు. జనం నవ్వారు. మావారు క్రికెట్ స్కోరు చూద్దామని ఫోన్ తీసి, సిగ్నల్ లేదని విసుక్కున్నారు.

పైగా బర్క్, హేర్ అనే పాతకాలపు హంతకులు తాము చంపినవాళ్ల శవాలను దాచింది ఈ గదుల్లోనే అని దబాయించాడు. దానికి ఆధారమేమీ లేదు. వాళ్ల అడ్డా వెస్ట్ పోర్ట్‌లోని లాడ్జి. 1828లో 16 మందిని చంపి, శరీరశాస్త్రం బోధించే డాక్టర్ నాక్స్‌కు అమ్మారు. ఇదే అడిగితే "కథ బాగుంది కదా!" అని నవ్వేశాడు.

అత్తయ్య మెట్ల దగ్గరే ఆగిపోయారు. "చావింటికి వెళ్లొస్తేనే తలస్నానం చేస్తాం. నువ్వు డబ్బులిచ్చి మరీ తీసుకెళ్తున్నావేంటమ్మా!" అన్నారు. ఆవిడ 19 పౌండ్లు కూడా వెనక్కి రాలేదు.

మర్నాడు ఛాంబర్స్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియం ఆఫ్ స్కాట్లాండ్‌కు వెళ్లాం. ప్రవేశం ఉచితం. అక్కడ ఓ గాజు అరలో ఎనిమిది చిట్టి శవపేటికలు ఉన్నాయి, ఒక్కోటి పది సెంటీమీటర్ల లోపే. లోపల నూలు బట్టలు తొడిగిన చెక్క మనుషులు, కళ్లు తెరిచే ఉన్నారు. కొందరికి చేతుల్లేవు, పెట్టెలో పట్టడానికి తీసేసినట్టున్నారు. మూతల మీద రేకు ముక్కలతో అలంకారం. 1836లో ఆర్థర్స్ సీట్ కొండ మీద కుందేళ్ల వేటకెళ్లిన పిల్లలకు ఇవి మొత్తం 17 దొరికాయి. వాటిని ఒకరిమీద ఒకరు విసురుకుని ఆడుకున్నారట, కొన్ని అలాగే పోయాయి!

ఎవరు చేశారో, ఎందుకు దాచారో నేటికీ తేలలేదు. బర్క్, హేర్ చంపిన 16 మందికి, వాళ్లు అమ్మిన మొదటి శవం, అంటే జబ్బుతో పోయిన ముసలాయన, కలిపితే సరిగ్గా 17. కర్మకాండ దక్కనివాళ్ల కోసం ఎవరో ఇలా పూడ్చారని ఒక ఊహ. కానీ చనిపోయినవాళ్లలో 12 మంది ఆడవాళ్లు, బొమ్మలేమో మగవాళ్లలా ఉన్నాయి. నాకు ఆ లెక్క కుదరలేదు. అత్తయ్య మాత్రం కదలకుండా చూసి, "పాపం, ఎవరో శ్రద్ధగా కుట్టారే ఆ బట్టలు" అన్నారు. మావారు ఫోన్ జేబులో పెట్టేశారు.

పక్కనే ఉన్న గ్రేఫ్రయర్స్ శ్మశానానికి అత్తయ్య రాలేదు, మేమిద్దరం వెళ్లాం. పగలు వెళ్తే టికెట్ లేదు. శవాల దొంగలకు భయపడి సమాధుల మీద బిగించిన ఇనుప పంజరాలు ఇంకా అక్కడే ఉన్నాయి. గైడ్ అరుపుల కంటే అవి వెయ్యి రెట్లు భయపెట్టాయి.

మధ్యాహ్నం స్కాట్లాండ్ వంటకం హాగిస్, అందులో శాకాహారంది తిన్నాం, ప్లేటు 13 పౌండ్లు. ఓట్స్, పప్పులు, మిరియాల ఘాటు. బ్రెడ్డుతో విసిగిపోయిన అత్తయ్య ప్లేటు ఖాళీ చేశారు. నీళ్లలో రాక్షసి ఉందని చెప్పుకునే లాక్ నెస్ సరస్సు ప్రయాణం బాగానే గడిచింది. ప్రపంచమంతా నమ్మిన 1934 నాటి ఆ రాక్షసి ఫొటో బొమ్మతో తీసిందని 1994లో బయటపడినా, పడవలు మాత్రం నిండుగానే వెళ్తున్నాయి.

అయినా గదుల టూర్ చూసితీరాలనుకుంటే పగటిపూట చరిత్ర చెప్పే టూర్ ఎంచుకోండి. మెట్లు దిగలేని, దిగనని మొండికేసే పెద్దవాళ్లకు ముందే టికెట్ కొనకండి. మా రిఫండ్ మెయిల్‌కు వచ్చిన జవాబు ఒకే వాక్యం: నిబంధనలు చదవండి.